ఆ వంతెన ఎవరిది?

ఉత్తర ఐరోపాలోని స్వీడన్, డెన్మార్క్, నార్వే, ఫిన్లాండ్, ఐస్లాండ్ తమ మధ్య సరిహద్దులను దాదాపు చెరిపివేసుకున్నాయన్న మాట ఇప్పుడు మన ఇళ్లలోనూ వినిపిస్తోంది. శేరిగూడ, మంగళ్‌పల్లి పరిసరాల్లో ఇంజినీరింగ్ కళాశాలలు వెలసిన తరువాత ఇబ్రహీంపట్నం పిల్లలు గల్ఫ్ దారిని మాత్రమే నమ్ముకుని లేరు. స్టాక్‌హోమ్‌కో హెల్సింకీకో చేరి, అక్కడ మూడు నాలుగేళ్లు కుదురుకుని, మెరుగైన జీతం కోసం కోపెన్‌హేగన్‌కు మారాలనుకునేవారు ఉన్నారు. మారాలనుకోవడంలో తప్పేమీ లేదు. “పక్కనే కదా, వంతెన దాటితే చాలు” అని ఇక్కడి తల్లిదండ్రులు నిశ్చింతగా ఉండటమే నన్ను ఈ వ్యాసం రాయడానికి పురికొల్పింది. ఆ దేశాల మధ్య రాకపోకల స్వేచ్ఛ నిజమే. కాని అది పౌరసత్వానికి దక్కిన హక్కు. అక్కడ నివసిస్తూ పన్ను కడుతున్న ప్రతివారికీ దక్కినది కాదు.

ఈ ఏర్పాటు నిన్న మొన్నటిది కాదు. 1952లో ఈ దేశాల పౌరులకు పాస్‌పోర్టు లేకుండా పరస్పరం ప్రయాణించే వీలు కలిగింది. 1954లో డెన్మార్క్, ఫిన్లాండ్, నార్వే, స్వీడన్ ఉమ్మడి కార్మిక విపణి ఒప్పందం కుదుర్చుకున్నాయి. ఒక దేశపు పౌరుడు మరొక దేశంలో పని అనుమతి లేకుండానే ఉద్యోగం చేయవచ్చు. ఐస్లాండ్ 1982లో ఆ ఒప్పందంలో చేరింది. యుద్ధానంతర దశాబ్దాల్లో లక్షలాది ఫిన్లాండ్ వాసులు స్వీడన్ కర్మాగారాలకు తరలివెళ్లగలిగింది ఈ దారినే.

నేటికీ స్వీడన్ పౌరుడు డెన్మార్క్‌కు మకాం మార్చదలిస్తే చేయవలసింది స్వల్పం. ఇల్లు చూసుకుని, అక్కడి జనాభా రిజిస్టరులో పేరు నమోదు చేయించుకుంటే వ్యక్తిగత సంఖ్య వస్తుంది. అతడు వెళ్లిపోయాడన్న కబురు పాత దేశానికి కొత్త దేశపు కార్యాలయమే పంపుతుంది. (తనంతట తాను కదిలే ఫైలును నా సర్వీసు మొత్తంలో నేను చూడలేదు. అందుకే ఈ పద్ధతిపై నాకు గౌరవం.)

అదే ఆఫీసులో, అదే బల్ల దగ్గర పనిచేసే భారతీయ పాస్‌పోర్టుదారు సంగతి వేరు. స్వీడన్ ఇచ్చిన నివాస అనుమతితో అతడు డెన్మార్క్ వెళ్లి రావచ్చు. ఏ 180 రోజులలోనైనా 90 రోజుల వరకు ఉండవచ్చు. పని మాత్రం చేయరాదు. పనిచేయాలంటే అక్కడి యజమాని నుంచి ఉద్యోగ పత్రం, డెన్మార్క్ ప్రభుత్వం నుంచి కొత్త అనుమతి, భార్యాబిడ్డలకు వేరు వేరు దరఖాస్తులు కావాలి. అన్నిటికన్నా బరువైనది కాలం లెక్క. డెన్మార్క్‌లో శాశ్వత నివాసానికి సాధారణంగా 8 ఏళ్లు, పౌరసత్వానికి సాధారణంగా 9 ఏళ్లు ఉండాలి. స్వీడన్‌లో గడిపిన ఏళ్లు మన పిల్లల విషయంలో ఆ లెక్కలోకి రావు. ముప్పై ఏళ్ల యువకుడు అక్కడ మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి.

ఐరోపా సమాఖ్య చట్టం కొంత ఉపశమనం ఇవ్వకపోలేదు. 2003 నాటి ఆదేశం ప్రకారం ఒక సభ్య దేశంలో అయిదేళ్లు చట్టబద్ధంగా ఉన్న విదేశీయుడు దీర్ఘకాల నివాసి హోదా పొంది, మరొక సభ్య దేశంలో నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. స్వీడన్, ఫిన్లాండ్ దీనికి కట్టుబడినవే. డెన్మార్క్ సమాఖ్యలో ఉండి కూడా దీని నుంచి మినహాయింపు పొందింది. నార్వే, ఐస్లాండ్ సమాఖ్యలోనే లేవు. కనుక స్టాక్‌హోమ్ నుంచి హెల్సింకీకి మారడం, స్టాక్‌హోమ్ నుంచి కోపెన్‌హేగన్‌కు మారడం ఒకటి కావు. పటంలో దూరం చూసి నిర్ణయాలు తీసుకునేవారు ఈ తేడాను ముందు గమనించాలి.

పౌరసత్వం ఉన్నవారికి ఆ వంతెన ఎంత ఉపయోగపడిందో చెప్పడానికి ఒక చరిత్ర ఉంది. 2002లో డెన్మార్క్ ప్రభుత్వం విదేశీ జీవిత భాగస్వామిని తెచ్చుకోవాలంటే దంపతులిద్దరికీ 24 ఏళ్లు నిండాలని చట్టం చేసింది. వలస కుటుంబాల పెళ్లిళ్లను ఉద్దేశించి చేసిన చట్టమని దాని సమర్థకులే దాచలేదు. అప్పుడు ఎందరో డెన్మార్క్ పౌరులు 2000లో ప్రారంభమైన ఓరెసుండ్ వంతెన దాటి స్వీడన్‌లోని మాల్మోలో కాపురం పెట్టారు. వారిలో పాకిస్తానీ, తుర్కీ మూలాలవారు ఉన్నారు, తరతరాల డెన్మార్క్ వాసులూ ఉన్నారు. సొంత దేశం కాదన్న భార్యతో పక్క దేశంలో ఉంటూ, ఉదయం రైలెక్కి సొంత దేశానికి ఉద్యోగానికి వెళ్లివచ్చేవారు. ముస్లింలను ఇరుకున పెట్టిన చట్టానికి విరుగుడు వారి చేతిలోని పౌరసత్వంలోనే దొరికింది. మన పిల్లల చేతిలో ఉన్నది పర్మిటు మాత్రమే.

అయితే పౌరసత్వం తీసుకుంటే సరిపోతుంది కదా అని ఒక తండ్రి నన్ను అడిగాడు. “సాబ్, స్వీడన్ పాస్‌పోర్టు వస్తే ఇక ఎక్కడికైనా పోవచ్చంటున్నాడు మావాడు. తీసుకోమనాలా, వద్దనాలా?” తేలికగా జవాబు చెప్పగల ప్రశ్న కాదిది. స్వీడన్ 2001 నుంచి, డెన్మార్క్ 2015 నుంచి రెండు పౌరసత్వాలను అనుమతిస్తున్నాయి. మన దేశం అనుమతించదు. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం విదేశీ పౌరసత్వం స్వీకరించిన క్షణాన భారత పౌరసత్వం పోతుంది. తరువాత దక్కే ఓసీఐ కార్డుతో ఎన్నేళ్లయినా ఇక్కడ ఉండవచ్చు గాని ఓటు ఉండదు, ప్రభుత్వోద్యోగం ఉండదు. వ్యవసాయ భూమి వారసత్వంగా పొందవచ్చు, కొనరాదు. సాగర్ రోడ్డు వెంట గుంట భూమి కూడా బంగారమైన మన ప్రాంతంలో ఈ చివరి మాటకు ఎంత బరువుందో చెప్పనక్కరలేదు. ఇక పౌరసత్వంపైనే ప్రశ్నలు తలెత్తుతున్న ఈ రోజుల్లో, ఒక ముస్లిం యువకుడు తన ఓటును తానే వదులుకోవడం ఆ ఇంటికి మాత్రమే సంబంధించిన విషయమని నేను అనుకోను. ఆ తండ్రికి వద్దని చెప్పలేదు, వెళ్లమనీ చెప్పలేదు. కొడుకుతో కూర్చుని ఈ లెక్క మొత్తం వేసుకోమన్నాను.

దేశం మారితే మత జీవితాన్ని తాకే చట్టాలూ మారతాయి. బహిరంగ ప్రదేశాల్లో ముఖం కప్పుకోవడాన్ని డెన్మార్క్ 2018 ఆగస్టు 1 నుంచి నిషేధించింది. స్వీడన్‌లో దేశమంతటికీ వర్తించే అటువంటి చట్టం లేదు. 2019 నుంచి డెన్మార్క్ పౌరసత్వ ప్రదానంలో అధికారితో కరచాలనం తప్పనిసరి అన్నారు. మరోవైపు మత గ్రంథాలను బహిరంగంగా అవమానించడాన్ని 2023 డిసెంబరులో నేరంగా ప్రకటించింది కూడా ఆ డెన్మార్కే. కనుక ఒక దేశం మంచిదని, ఒక దేశం చెడ్డదని తీర్పు చెప్పడం తొందరపాటు. పశువును స్పృహ తప్పించకుండా జబా చేయడం స్వీడన్‌లో 1930ల నుంచి, డెన్మార్క్‌లో 2014 నుంచి కుదరదు.

మన ప్రభుత్వాన్ని అడగవలసినది ఒకటుంది. సామాజిక భద్రత విషయంలో భారతదేశం డెన్మార్క్‌తో చేసుకున్న ఒప్పందం 2011లో, స్వీడన్, ఫిన్లాండ్‌లతో చేసుకున్నవి 2014లో, నార్వేతో చేసుకున్నది 2015లో అమల్లోకి వచ్చాయి. రెండు చోట్లా చందా కట్టే బాధ తప్పించడం, పింఛను అర్హతకు రెండు దేశాల సర్వీసును కలిపి చూడటం వీటి సారం. పింఛను కోసం ఏళ్లను కలపగలిగినప్పుడు నివాసం కోసం ఎందుకు కలపరాదు? భారత్-నార్డిక్ శిఖరాగ్ర సదస్సు 2018లో స్టాక్‌హోమ్‌లో, 2022లో కోపెన్‌హేగన్‌లో జరిగింది. రాబోయే చర్చల్లో ఈ ప్రశ్న పెట్టించే బాధ్యత మన పార్లమెంటు సభ్యులది, వారికి గుర్తుచేసే బాధ్యత మనది.

ఇలా అడిగే ముందు మన ఇంటి సంగతీ ఒప్పుకోవాలి. తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి వెళ్లిన తెనాలి విద్యార్థికి ఆంధ్రప్రదేశ్‌లోని ఎస్టీ హోదా మహారాష్ట్రలో చెల్లదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇబ్రహీంపట్నం తహసీల్దారు ఇచ్చిన బీసీ-ఈ ధ్రువపత్రం బెంగళూరు కళాశాలలో రాష్ట్ర కోటాకు పనికిరాదు. మనిషి వెంట హక్కు నడిచిరాకపోవడం విదేశాల్లో మాత్రమే ఉన్న జబ్బు కాదు.

ప్రభుత్వాలు కదిలేలోగా మన చేతిలో ఉన్నది కాగితాలను సరిచేసుకోవడం. కొత్త దేశంలో కొత్త దరఖాస్తు అంటే జనన, వివాహ పత్రాలను మళ్లీ చూపించడం. మన ఇళ్లలో తరచుగా కనిపించే చిక్కు పేర్లది. పదో తరగతి మెమోలో ‘ఎండీ’, పాస్‌పోర్టులో ‘మొహమ్మద్’, నికానామాలో ఉర్దూలో మూడో రూపం. ముగ్గురూ ఒకరే అని మనకు తెలుసు, వేరే దేశపు గుమస్తాకు తెలియదు. నికా జరిగిన వెంటనే వివాహాన్ని ప్రభుత్వ రిజిస్టరులోనూ నమోదు చేయించాలి. నికానామాకు అధీకృత అనువాదం చేయించి ఉంచుకోవాలి. పుట్టిన ఏడాది దాటినా నమోదు కాని జననాలకు రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాలి గనుక ప్రయాణపు టికెట్టు కొన్న తరువాత ఆ పనికి పరుగెత్తితే లాభం లేదు. ఆ పైన అపోస్టిల్ ముద్ర వేయించాలి. భారతదేశం 2005లో ఆ ఒప్పందంలో చేరింది కాబట్టి ఆ అయిదు దేశాలూ దానిని అంగీకరిస్తాయి.

ఈ పనికి పెద్ద సంస్థలు అక్కరలేదు. జుమా నమాజు తరువాత మసీదు వరండాలో ఒక బల్ల, ఫారాలు నింపగల ఇద్దరు యువకులు చాలు. ఇబ్రహీంపట్నంలో వచ్చే నెల నుంచి మేము అలా కూర్చోబోతున్నాం. వచ్చేవారు పదో తరగతి మెమో, జనన ధ్రువపత్రం, నికానామా, పాస్‌పోర్టు నకళ్లు వెంట తెచ్చుకోవాలి. అసలు పత్రాలు ఎవరి చేతికీ ఇవ్వవద్దు, మా చేతికి కూడా.