చదువూ సైన్సూ ఒకే పీరియడ్‌లో

మూసీ పుట్టిన అనంతగిరి కొండలు, నాపరాళ్ల గనులున్న తాండూరు ఉన్న జిల్లాలో సైన్సు పాఠానికి సరుకు కొదవ లేదు. 2022లో మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కల మీద దృష్టి పెట్టింది, అది అవసరమే. కానీ ‘ముందు చదవడం రానీ, సైన్సు తర్వాత చూద్దాం’ అనే వాదన నిలవదు. నాపరాయి సున్నపురాయే, దాని పొడి మీద నిమ్మరసం పిండితే బుడగలు లేస్తాయి. చూసిందాన్ని పిల్లలు వరుసగా చెప్పి, నాలుగు వాక్యాలు రాసి, కారణాన్ని పాఠంలో వెతికి చదివితే ‘ఆమ్లం’, ‘వాయువు’ అన్న మాటలు బట్టీ పట్టకుండానే వంటబడతాయి. సిలబస్ వెనకబడుతుందన్న భయమూ అక్కర్లేదు, ఒకే పీరియడ్ రెండు సబ్జెక్టులకూ అక్కరకొస్తుంది. ఇలా రెండూ కలిపి బోధించే వెసులుబాటును విద్యాశాఖ టైంటేబుల్‌లోనే కల్పించాలి.