ఛాయాచిత్రాల అంగడి: జీవనాధారమా?

చేతిలో కెమెరా, ఇంట్లో ఇంటర్నెట్టు ఉంటే చాలు, ఉద్యోగానికై ఎవరి గడపా తొక్కనక్కరలేదన్న మాట విద్యార్థిలోకంలో తరచుగా వినబడుతున్నది. తీసిన ఛాయాచిత్రాన్ని విదేశీ ఏజెన్సీకి పంపితే, ఏ దేశంలో ఎవరు కొన్నా మనకు వాటా ముడుతుంది. మైక్రోస్టాక్ అనబడే వ్యాపారం ఇదే. ఇందులో అసత్యమేమీ లేదు. అయితే దీనినే నమ్ముకొని అప్పు చేసి కెమెరా కొనదలచిన సోదర విద్యార్థులకు కొన్ని లెక్కలు విన్నవించడం మా విధి.

2000వ సంవత్సరంలో కెనడాలోని కాల్గరీ నగరంలో ఐస్టాక్‌ఫోటోతో ఈ వ్యాపారం ఆరంభమైంది. వందల డాలర్లు పలికే తరహా చిత్రాలు మొదట ఉచితంగా, పిదప స్వల్ప వెలకు అక్కడ లభించాయి. ఆదిలో చేరినవారు కొందరు బాగుపడిన మాట నిజమే. 2006లో గెట్టీ ఇమేజెస్ ఆ సంస్థను 5 కోట్ల డాలర్లకు కొన్నది. అంగడి పెట్టినవారికి కలిసివచ్చినంతగా సరుకు తెచ్చినవారికి కలిసిరాలేదని వేరే చెప్పాలా?

షట్టర్‌స్టాక్ 2020 జూన్ 1 నుండి అమలుపరచిన పద్ధతిలో ఛాయాగ్రాహకుని వాటా 15 నుండి 40 శాతం. ఏడాదంతా శ్రమించి పై మెట్టుకు చేరినా, జనవరి 1న మరల మొదటి మెట్టుకు దిగవలసిందే. కనిష్ఠ చెల్లింపు 10 సెంట్లు, అనగా సుమారు 9 రూపాయలు. ఆ లెక్కన నెలకు 30,000 రూపాయలు రావాలంటే మూడు వేలకు పైగా అమ్మకాలు జరగాలి. అన్నీ కనిష్ఠ ధరకే పోవు గాని, బేరమేరాని చిత్రాలు కూడా కోకొల్లలు.

శ్రమ కెమెరా నొక్కడంతో తీరదు. ప్రతి చిత్రానికీ ఆంగ్లంలో శీర్షిక, పదుల కొద్దీ సూచక పదాలు వ్రాయాలి. లాడ్‌బజారులో గాజులమ్మే ముసలాయన ముఖం ఎంత అందంగా వచ్చినా, ఆయన సంతకం చేసిన అనుమతి పత్రం లేనిదే ప్రకటనలకు అమ్మరు. పోనీ, ఎవరి ముఖమూ లేని పండ్లు, కాఫీ కప్పులు తీద్దామా? 2022 డిసెంబరు నుండి యంత్రమేధ సృష్టించిన చిత్రాలను అడోబీ స్టాక్ బాహాటంగా స్వీకరిస్తున్నది. పోటీ ఇక మనుష్యులతో మాత్రమే కాదు.

ఆరవ నిజాం వద్ద ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన రాజా దీన్ దయాళ్ సికిందరాబాదులో స్టూడియో నడిపాడు. కొనేవాడు ఎదుట నిలిచేవాడు, వెల మాట్లాడుకొనేవారు. నేడు పెళ్ళిళ్ళు, బడి వేడుకలు, దుకాణాల సరుకుల చిత్రాలు ఆ వీలును మనకింకా మిగిల్చాయి. ముందు ఆ పని నేర్చి, తీరిక వేళల్లో ఏజెన్సీలకు పంపుకొంటే మాకు అభ్యంతరం లేదు. షౌక్ వేరు, రోజీ వేరు.

కళాశాల కమిటీవారికి మా మనవి ఒకటే. ఇంటి వద్దనే సంపాదన అంటూ రుసుము అడిగే శిక్షణ సంస్థలను ఆహ్వానించే బదులు, ఒక మంచి కెమెరా, రెండు దీపాలు కొని, గ్రంథాలయంలో పుస్తకాలిచ్చినట్లు విద్యార్థులకు వంతులవారీగా ఇప్పించండి.