కుండపోత జోకులు, కురవని వాన

2025 అక్టోబరు 28న ఐఐటీ కాన్పూర్ విమానం రెండు విడతలుగా ఎగిరి దేశ రాజధానిపై మేఘమథనం జరిపింది. చెప్పుకోదగ్గ వాన పడలేదు కానీ, సామాజిక మాధ్యమాల్లో జోకులు మాత్రం కుండపోతగా కురిశాయి. వాటిలో చాలా భాగం వట్టి ఎగతాళే. కొన్నింటి వెనుక మాత్రం హైస్కూలు భౌతికశాస్త్రం ఉంది. సిల్వర్ అయోడైడ్ మేఘాన్ని పుట్టించదు. అప్పటికే తేమ నిండిన మేఘంలో మంచు స్ఫటికాలు ఏర్పడటానికి తోడ్పడుతుంది, అంతే. ఆ రోజు తేమ 20 శాతానికి మించలేదని ప్రయోగం జరిపినవారే చెప్పారు. పెరుగు లేని కుండలో ఎంతసేపు కవ్వం తిప్పితే మాత్రం వెన్న పడుతుందా? రాయలసీమలో రెండు దశాబ్దాల క్రితమే ఈ మథనాన్ని చూసిన తెలుగువారికి వేరే చెప్పనక్కర లేదు.

వాన రాకపోయినా కాలుష్య కణాలు తగ్గాయని ప్రభుత్వం ప్రకటించుకుంది. తగ్గి ఉండవచ్చు. గాలి వీచినా తగ్గుతాయి. విమానం వెళ్లని పేటల్లో అదే వేళ ఎంత తగ్గాయో చెప్పకుండా ఆ ఘనత విమానానిదని ఎలా అంటారు? నిజానికి ఇది ప్రతిపక్షం గట్టిగా అడగవలసిన ప్రశ్న. కానీ సుప్రీంకోర్టు ఆదేశం మేరకే అయినా, 2021 ఆగస్టులో కన్నాట్ ప్లేస్‌లో 24 మీటర్ల స్మాగ్ టవర్‌ను ఆర్భాటంగా ప్రారంభించిన పార్టీకి ఆ ప్రశ్న నోటికి రావడం కష్టమే. వీధిలో ఏసీ బిగించి ఊరు చల్లబడుతుందన్నట్లుంది ఆ టవర్ కథ. కనుక ఆ ప్రశ్న అడిగే పని జోకులు వేసే కుర్రకారు మీద పడింది. వారిని నేను తప్పు పట్టను. నా ఫిర్యాదు, జోకు వేయగానే పని అయిపోయిందనుకునే మనందరి మీద.

2019 మే 11న ప్రసారమైన ఇంటర్వ్యూలో ప్రధాని, బాలాకోట్ దాడి వేళ కమ్ముకున్న మబ్బులు మన విమానాలను రాడార్ల నుంచి కాపాడవచ్చని నిపుణులకు తానే చెప్పానన్నారు. దేశంలోని ఇంజినీరింగ్ విద్యార్థులంతా రాత్రికి రాత్రి హాస్యబ్రహ్మలైపోయారు. ఆ వ్యాఖ్యతో పెట్టిన ట్వీట్‌ను బీజేపీ తొలగించుకుంది. మనం గెలిచామనుకున్నాం. పన్నెండు రోజుల తర్వాత ఆ పార్టీకి 303 స్థానాలు వచ్చాయి. రేడియో తరంగాలకు మబ్బు పెద్ద అడ్డు కాదన్నది నిజం. తరంగం పొట్టిదయ్యే కొద్దీ భారీ వర్షం దాన్ని బలహీనపరుస్తుందన్నదీ నిజమే. ఆ రెండో సగం చెప్పే ఓపిక మన హాస్యానికి లేకపోయింది. అదే నెలలో సైన్యాధిపతి బిపిన్ రావత్ కొన్ని రాడార్లు మబ్బుల గుండా చూడలేవన్నప్పుడు, ఆ సగం సత్యానికి సమాధానం చెప్పే సరంజామా నవ్విన వారిలో ఎందరి దగ్గర ఉంది?

ఇంతకంటే బాధ కలిగించేది జలంధర్ ఉదంతం. 2019 జనవరిలో 106వ ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో, పాఠశాల విద్యార్థుల ఎదుట, ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ జి. నాగేశ్వరరావు కౌరవులు మూలకణ, టెస్ట్‌ట్యూబ్ పరిజ్ఞానంతో పుట్టారని, రావణుడికి 24 రకాల విమానాలు ఉండేవని సెలవిచ్చారు. తెలుగువాడిగా తల దించుకోవలసిన రోజు అది. నిర్వాహకులు ఆ మాటలతో తమకు సంబంధం లేదన్నారు. మనం కుండల మీదా పుష్పక విమానాల మీదా వారం రోజులు నవ్వుకున్నాం. ఆ నవ్వులో వక్త ఒక్కడే కాదు, సభ కూడా నవ్వులపాలైంది. సైన్స్ కాంగ్రెస్ అంటే పుక్కిటి పురాణాల వేదిక అన్న ముద్ర స్థిరపడిపోయింది. అందుకే, ఆర్థిక అవకతవకల పేరిట 2023 సెప్టెంబరులో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నిధులు ఉపసంహరించుకున్నప్పుడు, 1914 నుంచి నడిచిన ఆ వేదిక 109వ సభ 2024 జనవరిలో జరగకుండా పోయినప్పుడు, అడిగిన నాథుడు అరుదు. అదే 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి పరిణామ సిద్ధాంతాన్ని తీసేసింది. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు నిరసన లేఖపై సంతకాలు చేశారు. ఎవరు కోతి, ఎవరు మనిషి అన్న జోకులకు పట్టిన జనం ఆ లేఖకు పట్టలేదు.

ఇంత చెప్పానని నవ్వేవారి నోరు నొక్కాలనే వర్గంలో నన్ను కలపవద్దు. ఆ పనికి ఐటీ చట్టంలో 66ఎ ఉండేది. 2015లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ప్రభుత్వమే తన గురించిన నిజానిజాలు తేల్చుకునే ఫ్యాక్ట్ చెక్ యూనిట్ నిబంధనను, హాస్యనటుడు కునాల్ కామ్రా తదితరుల పిటిషన్లపై 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు కొట్టివేసింది. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుడి విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణే చెబుతోంది. ఆ విధిని మన నేతలకంటే మీమ్‌లు చేసే పిల్లలే ఎంతో కొంత నెరవేరుస్తున్నారు.

ఢిల్లీలో అయిదు మేఘమథన ప్రయోగాలకు కేటాయించినది 3.21 కోట్ల రూపాయలు. విమానం వెళ్లిన చోట, వెళ్లని చోట అదే గంటలో కాలుష్యం రీడింగులెంత, గాలి వేగమెంత? జోకు ఎలాగూ వేశాం. సమాచార హక్కు దరఖాస్తుకు అయ్యేది పది రూపాయలు.