పేరు ఒకరిది, ఈ-మెయిలు మరొకరిది
ట్రేడ్‌మార్కు దరఖాస్తుదారులకు తెలియని గడువులు

అమలాపురం: పూతరేకుల పెట్టె మీద వేసుకునే పేరును రిజిస్టరు చేయించుకోవడానికి ఇప్పుడు ఎవరూ చెన్నై రైలెక్కనక్కరలేదు. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల దరఖాస్తులు ఇప్పటికీ చెన్నై గిండీలోని ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీకే చెందుతాయి. అయితే ఫారం మాత్రం ఇంటర్నెట్‌లోనే వెళ్ళిపోతుంది. పైగా అదే చౌక. 2017 నిబంధనల ప్రకారం వ్యక్తిగానో, చిన్న పరిశ్రమగానో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక తరగతి సరుకుకు రుసుము రూ. 4,500. కాగితం మీద ఇస్తే రూ. 5,000. మిఠాయిలు 30వ తరగతి, ఊరగాయలు 29వ తరగతి. రెండూ అమ్మేవారు రెండు రుసుములు కట్టుకోవాలి.

అసలు చిక్కు రుసుము కట్టిన తరువాత మొదలవుతుంది. ఫారం ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి, డిజిటల్ సంతకం కావాలి. అందుకని పల్లెటూరి దరఖాస్తుదారు పట్నంలోని నెట్ సెంటరునో, ఏజెంటునో ఆశ్రయిస్తాడు. ఈ-మెయిలు అని ఉన్న గడిలో సెంటరు కుర్రవాడు తన చిరునామాయే వేసేస్తే, ఆ క్షణం నుంచి ప్రభుత్వం మాట్లాడేది ఆ కుర్రవాడితోనే. దరఖాస్తు పరిశీలించిన అధికారికి అభ్యంతరం ఉంటే నివేదిక ఈ-మెయిలులో వస్తుంది. దానికి నెలరోజులలో జవాబివ్వాలి. నిబంధనల ప్రకారం మెయిలు పంపిన క్షణమే అది అందినట్లు లెక్క. చదివారా, చూశారా అన్న ప్రశ్న లేదు. జవాబు రాకపోతే దరఖాస్తును వదులుకున్నట్లు భావించవచ్చు. కట్టిన సొమ్ము కూడా తిరిగి రాదు. ఆ జవాబు పంపడానికి ప్రభుత్వ రుసుమేమీ లేదన్న సంగతి కూడా చాలామంది ఎరుగరు.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. 2016 మార్చి నెలాఖరులో రిజిస్ట్రీ కొద్దిరోజుల వ్యవధిలో దాదాపు రెండు లక్షల దరఖాస్తులను, జవాబు రాలేదన్న కారణంతో, వదిలివేసినట్లు ప్రకటించింది. తమకు అభ్యంతరాలే అందలేదని గగ్గోలు పుట్టింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వులను నిలిపివేసింది. అప్పుడు కోర్టుకు వెళ్ళడానికి ఢిల్లీలో న్యాయవాదుల సంఘం ఉంది. ఒంటరిగా దరఖాస్తు పెట్టిన ఆవకాయ వ్యాపారికి అంత దన్ను ఎక్కడిది?

అభ్యంతరం గట్టెక్కినా పని పూర్తి కాదు. పేరు ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో పడుతుంది. నాలుగు నెలలలోగా ఎవరైనా వ్యతిరేకించవచ్చు. వ్యతిరేకత కాగితం అందిన రెండు నెలలలో ఎదురు వాదన దాఖలు చేయకపోతే దరఖాస్తు పోయినట్లే. ఇక్కడ గడువు పొడిగింపు మాట లేదు. డబ్బున్న పోటీదారుకు ఇదొక మంచి అదను.

ఇంకొక గడి ఉంది. పేరును ఎప్పటినుంచి వాడుతున్నారన్నది అందులో చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా అమ్ముతున్నవారి ఫారంలో కూడా, పని తొందరగా తెమలాలని, ‘ఇక ముందు వాడబోతున్నాం’ అని నింపేస్తే పెద్ద నష్టం. మొదట వాడినవారికి చట్టం 34వ సెక్షను రక్షణ ఇస్తుంది, కాని రుజువు కావాలి. పాత వాడకం చెప్పుకోవాలంటే ప్రమాణపత్రం, పాత బిల్లులు జతచేయాలి. సంతలో చేతి మీద అమ్మేవారికి బిల్లులెక్కడివన్న ప్రశ్న న్యాయమైనదే. కనీసం పెట్టెలు అచ్చువేయించిన ప్రెస్సు రసీదులైనా పారేయకుండా దాచుకోవడం మంచిది.

ఆత్రేయపురం వారు మరొక తేడా గుర్తించాలి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఊరి ఉమ్మడి ఆస్తి. ఎవరో ఒకరు ‘ఆత్రేయపురం’ అన్న మాటను తన ఒక్కరి ట్రేడ్‌మార్కుగా చేసుకోవడం కుదరదు. ఊరి పేరుకు తోడు తమదైన పేరో, బొమ్మో కావాలి. తెలుగు అక్షరాల పేరైనా ఇబ్బంది లేదు. దాని ఉచ్చారణ, అర్థం ఇంగ్లీషులోనో హిందీలోనో రాసివ్వాలి.

రిజిస్ట్రీ అభ్యంతరాలను మెయిలుతోపాటు పోస్టులోనూ పంపవచ్చని నిబంధనలలోనే ఉంది. చిన్నవారికైనా ఆ పని తప్పక చేస్తే పోస్ట్‌మాన్ చేతిలోని కవరు ఇంటికి చేరుతుంది. జిల్లా పరిశ్రమల కేంద్రాలు వారానికొక రోజు ఈ కాగితాలు చదివిపెట్టినా ఎంతో మేలు. రుణాల మేళాలకు పెట్టే శ్రద్ధలో పదోవంతు చాలు.

అంతవరకు దరఖాస్తుదారు చేయగలిగింది ఉంది. ఫారంలో ఇంట్లో ఎవరో ఒకరి సొంత ఈ-మెయిలు, ఫోను నంబరు వేయించుకోవాలి. రసీదు మీది దరఖాస్తు నంబరును గోడ క్యాలెండరు మీద రాసుకోవాలి. ఆ నంబరుతో రిజిస్ట్రీ వెబ్‌సైటులో దరఖాస్తు స్థితి ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. కాలేజీ చదివే పిల్లవాడు నెలకు రెండుసార్లు చూసిపెడితే చాలు. ‘అబ్జెక్టెడ్’ అని ఉంటే అభ్యంతరం వచ్చిందన్నమాట, ఆ రోజే కదలాలి. ‘అపోజ్డ్’ అంటే ఎవరో వ్యతిరేకించారు. ‘రిజిస్టర్డ్’ అని వచ్చాక, దరఖాస్తు తేదీ నుంచి పదేళ్ళు నిండేవరకు నిశ్చింత, ఆ తరువాత రెన్యువల్ చేయించుకోవాలి.