కొండదారిలో బస్సు దిగి నడుద్దాం

విహారయాత్ర మాట రాగానే మన హాస్టల్లో ముందుగా వినిపించే పేరు అరకు. సంతోషమే. కానీ మనం వెళ్లే తీరు మారాలని నా అభిప్రాయం. తెల్లవారుజామున బస్సెక్కుతాం. దారంతా సినిమా పాటలు, మలుపుల్లో వాంతులు, అరకులో గ్రూపు ఫోటో, రాత్రికి తిరుగు ప్రయాణం. ఎలా ఉందంటే "బాగుంది" అంటాం. ఏం బాగుందో చెప్పలేం.

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు ఎక్కుతాం. అక్కడి నుంచి దారే ఒక బడి. అయితే ఆ పాఠం కిటికీలోంచి అర్థం కాదు. మూడు చోట్ల దిగి, తలా అరగంట నడవాలి.

అనంతగిరి కాఫీ తోటలు ఒకటి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, అవే చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని పండించేది ఆదివాసీ చిన్న రైతులు. వారిని అడిగే తోటలో అడుగుపెట్టాలి. గాలికొండ మరొకటి. సాంఘికశాస్త్రం మ్యాపులో గీతగా చూసిన తూర్పు కనుమలు అక్కడ కళ్లెదుట నిలబడతాయి. ఇంకొకటి బొర్రా. నీరు సున్నపురాయిని కరిగించి చేసిన గుహలవి. అక్కడి గోస్తనీ నది నీరే తాటిపూడి రిజర్వాయరు నుంచి విశాఖ కుళాయిలకు చేరుతుంది.

బొర్రా పరిసర గ్రామాల గనుల తగాదా నుంచే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూములను ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వరాదని చెప్పిన తీర్పది. ఆ నేల మీద నిలబడి ఆ సంగతి తెలుసుకోకుండా రావడం సబబేనా?

ఇంకో మాట. "హాస్టల్ పిల్లలు" అంటూ ఎవరైనా మనల్ని వింతగా చూస్తే మనసు ఎంత చివుక్కుమంటుందో మనకు తెలుసు. మరి థింసా ఆడే అక్కలను, తలమీద కట్టెలమోపుతో నడిచే అవ్వలను అడగకుండా ఫోటోలు తీయడం మనకు తగునా? వారిలో ఎందరో పిల్లలు మనలాగే హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. ముందు నమస్కారం పెడదాం, తర్వాతే కెమెరా తీద్దాం. మన ప్లాస్టిక్ చెత్త మన బస్సులోనే తిరిగి రావాలి.

పిల్లలు కొండల్లో చెదిరిపోతే బాధ్యత ఎవరిదని వార్డెను గారు భయపడటం న్యాయమే. పదిమందికొక పెద్ద విద్యార్థిని పెడితే, వానాకాలం మానుకుంటే, జలపాతాల్లో దిగకుండా ఉంటే ఆ భయం చాలావరకు తీరుతుంది. ఆలస్యమవుతుందంటారా? చూసే చోట్లు రెండు తగ్గిద్దాం. పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు బస్సు ఖర్చుకు చేయూతనివ్వడమే కాదు, వీలైతే వెంట వచ్చి నాలుగు విషయాలు చెప్పాలి.

వచ్చే సంచికలో యాత్రా ఫోటోలతోపాటు ప్రతి ఒక్కరూ తాము నడిచి చూసినదాని గురించి ఒక పేజీ రాయాలని కోరుతున్నాను.

– ఒక పూర్వ విద్యార్థి