పెట్టెల అమ్మకం కాదు, రెన్యువల్ చూడాలి

2025 ఆగస్టు 7న అమెరికా మార్కెట్లో ఫైర్‌వాల్‌లు తయారుచేసే ఫోర్టినెట్ కంపెనీ షేరు ఒక్కరోజే 22 శాతం పడిపోయింది. ఫలితాలు దెబ్బతిన్నాయా అంటే లేదు, ఆ త్రైమాసికంలో ఆదాయం 14 శాతం పెరిగింది. 2026లో సపోర్టు ముగిసే పాత ఫైర్‌వాల్‌ల మార్పిడిలో 40 నుంచి 50 శాతం అప్పటికే పూర్తయిందని కంపెనీ చెప్పింది. అసలు అమ్మకాలు ముందున్నాయని నమ్మి అధిక ధర పెట్టినవారు ఆ మాటతో కంగారుపడ్డారు.

ఆ కంగారును కొట్టిపారేయలేం. ఫైర్‌వాల్ కొన్న సంస్థ మళ్లీ కొన్నేళ్లదాకా కొత్తది కొనదు. 2021, 22లలో చిప్‌ల కొరత వచ్చినప్పుడు కస్టమర్లు దొరుకుతుందో లేదోనని ముందే ఆర్డర్లు పెట్టేశారు. 2023లో గిరాకీ తగ్గింది, ఆ ఆగస్టులోనూ ఈ షేరు ఒక్కరోజులో దాదాపు పావు వంతు కోల్పోయింది. ఫైర్‌వాల్ పెట్టెల అమ్మకానికి ఈ ఎగుడుదిగుళ్లు తప్పవు. కానీ ఈ కంపెనీ బతుకుతున్నది పెట్టెల మీద కాదు. 2024లో దాని ఆదాయం సుమారు 596 కోట్ల డాలర్లు. అందులో 405 కోట్లు సేవలవి, అంటే సబ్‌స్క్రిప్షన్లు, సపోర్టు రుసుములు.

ఆ రుసుము దేనికో తెలియాలంటే అది కట్టడం ఆపేసిన ఆఫీసును చూడాలి. ర్యాక్‌లో ఫైర్‌వాల్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి, ఇంటర్నెట్ నడుస్తూనే ఉంటుంది. రోజూ పుట్టుకొచ్చే కొత్త దాడుల గుర్తులు, ప్రమాదకర సైట్ల జాబితాలు మాత్రం దానికి అందవు. పైకి ఏ తేడా కనిపించదు కాబట్టే, ఖర్చు తగ్గించమని పైనుంచి మాట వస్తే ముందుగా వాయిదా పడేది రెన్యువల్ ఫైలే.

దాని ఫలితం హైదరాబాద్ చూసింది. 2022 జనవరిలో మహేశ్ సహకార బ్యాంకు నుంచి సైబర్ దొంగలు 12 కోట్ల రూపాయలకు పైగా కొల్లగొట్టారు. వాళ్లు ఉద్యోగులకు పంపిన ఫిషింగ్ మెయిళ్లతో లోపలికి దూరారు. ఆ బ్యాంకుకు చెల్లుబాటయ్యే ఫైర్‌వాల్ లైసెన్సు కూడా లేదని పోలీసులు చెప్పారు. సైబర్ భద్రతా నిబంధనలు పాటించనందుకు మరుసటి ఏడాది రిజర్వ్ బ్యాంకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది. నియంత్రణ సంస్థలు ఇలా గట్టిగా పట్టుకున్నప్పుడు రెన్యువల్ తప్పనిసరి ఖర్చు అవుతుంది. ఫైర్‌వాల్ కంపెనీలకు అసలు బలం అదే.

పోటీ మాటకొస్తే, ఉద్యోగులు ఇంటి నుంచి, అప్లికేషన్లు క్లౌడ్ నుంచి పనిచేస్తున్న కాలంలో జీస్కేలర్ లాంటి కంపెనీలు పెట్టె లేకుండానే కాపలా కాస్తున్నాయి. మరో ఫైర్‌వాల్ కంపెనీ పాలో ఆల్టో నెట్‌వర్క్స్ కస్టమర్లను తన ప్లాట్‌ఫామ్ మీదికి రప్పించడానికి సేవలను కొంతకాలం ఉచితంగా ఇస్తామంది. 2024 ఫిబ్రవరిలో బిల్లింగ్ అంచనాలు తగ్గించగానే దాని షేరు 28 శాతం పడింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం పోటీ కాదు, కాపలాదారు తలుపే తెరుచుకోవడం. ఫోర్టినెట్ అమ్మే ఫోర్టిగేట్ ఫైర్‌వాల్ పరికరాల్లో కనీసం 20 వేలలోకి చైనా గూఢచారులు చొరబడ్డారని నెదర్లాండ్స్ 2024 జూన్‌లో ప్రకటించింది. 2022 నాటి ఒక లోపంతో కాజేసిన 15 వేలకు పైగా ఫోర్టిగేట్ పరికరాల కాన్ఫిగరేషన్ ఫైళ్లు, పాస్‌వర్డ్‌లతో సహా, 2025 జనవరిలో బయటపడ్డాయి. పాలో ఆల్టోకూ 2024 ఏప్రిల్‌లో ఇలాంటి తీవ్రమైన లోపమే ఎదురైంది. అమ్మకాల అంచనా కాస్త తగ్గితే షేరును కుదిపేసే మార్కెట్, ఈ వార్తలను మాత్రం పెద్దగా పట్టించుకోదు. ఇది పొరపాటని నా అభిప్రాయం. సపోర్టు ముగిసిన రోజున కస్టమర్ అదే బ్రాండ్ కొంటాడా, వేరేదానికి మారతాడా అన్నది ఇలాంటి లోపాలే తేలుస్తాయి.

మన దేశం నుంచి రిజర్వ్ బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం (ఎల్‌ఆర్‌ఎస్) కింద ఒక్కొక్కరు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా విదేశాలకు పంపే వీలుంది కాబట్టి ఈ షేర్లు ఇప్పుడు మనవాళ్లకూ అందుబాటులో ఉన్నాయి. ఫలితాలు వచ్చినప్పుడు పెట్టెల అమ్మకం అంకెను చివర్న చూడండి. సేవల ఆదాయం రెండంకెల వేగంతో పెరుగుతున్నంతకాలం షేరు పడిందని తొందరపడి అమ్ముకోవద్దు. ఆ వేగం ఒక అంకెకు దిగితే, కంపెనీ ఎన్ని పెట్టెలు అమ్మినా కొత్తగా డబ్బు పెట్టకండి.