అప్పు వాయిదా ఒక్కటే చాలదు

సంపాదకులకు,

అయ్యా,

షోలాపూరు తూర్పు భాగంలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు నేత కుటుంబాలకు ఇది గడ్డుకాలము. షోలాపూరు చద్దరుకు, తువ్వాలుకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. అయినను ఇతర ప్రాంతాల చౌక సరకు అదే పేరుతో అంగళ్లలో అమ్ముడగుచున్నది. పాత సాంచాలు నాలుగో ఎనిమిదో పెట్టుకున్న చిన్న కార్ఖానాదారుడు నూలు ధరకు, బ్యాంకి వాయిదాకు నడుమ నలిగిపోవుచున్నాడు.

ఇట్టివారి కొరకు కేంద్ర ప్రభుత్వము 2015 మే 29న ఒక పునరుద్ధరణ ఏర్పాటును ప్రకటించినది. 25 కోట్ల రూపాయల వరకు ఋణమున్న సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థలకు అది వర్తించును. బాకీ 90 దినములు దాటి మొండిబాకీ కాకముందే బ్యాంకి ఇబ్బందిని గుర్తించి, సరిదిద్దుటయా, ఋణమును పునర్వ్యవస్థీకరించుటయా, వసూలు చేయుటయా తేల్చవలెను. 10 లక్షలకు మించిన ఖాతాలను ఒక కమిటీ పరిశీలించవలెను. అందులో బ్యాంకి అధికారులతో పాటు బయటి నిపుణుడొకరు, రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధి ఒకరు ఉండవలెను. ఈ నియమాలను బ్యాంకులు పాటించి తీరవలెనని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తాము ఆ తరగతి సంస్థలమని చూపు పత్రాలను సకాలంలో దాఖలు చేయనివారు, ఆస్తి జప్తు వేళ ఈ రక్షణ కోరజాలరని కూడ అదే తీర్పులో ఉన్నది.

ఇది మంచి ఏర్పాటే. కాని గడువు పెంచినంత మాత్రాన సరకు అమ్ముడుపోదు. నిరుడు నేసిన నమూనానే ఈ ఏడును నేసి, ఖర్చు లెక్క కట్టకుండ బేరగాడు చెప్పిన ధరకే ఇచ్చినచో, రెండేండ్ల తరువాత అదే బాకీ వడ్డీతో తిరిగి వచ్చును. కార్ఖానాదారునికి కావలసినది ఖర్చుల లెక్క, జి.ఎస్.టి. పద్దు, కొత్త నమూనాలు, ఆన్‌లైన్ అమ్మకము. పనివానికి కావలసినది షటిల్ లేని కొత్త మగ్గాలపై చేతివాటము.

శిక్షణకు పథకాలు లేవా? ఉన్నవి. కాని దేని ఫైలు దానిదే. 2017 ఏప్రిల్‌లో భివండీలో ప్రారంభించిన పవర్‌టెక్స్ పథకము పాత సాంచాలకు కొత్త పరికరాలు అమర్చుటకు సాయమిచ్చినది. 2017 డిసెంబరులో ఆమోదము పొందిన సమర్థ్ జౌళి రంగ శిక్షణకు ఉద్దేశించినది. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన విశ్వకర్మ పథకములో ప్రాథమిక శిక్షణ 5 నుండి 7 దినములు, రోజుకు 500 రూపాయల భత్యము. అందలి 18 వృత్తులలో దర్జీ ఉన్నాడు, మగ్గం నేసేవాడు లేడు. ఒకచోట యంత్రము, ఒకచోట శిక్షణ, ఇంకొకచోట అప్పు. ఈ మూడింటిని ఒక బల్ల మీదికి తెచ్చువారు లేరు. గుమాస్తాగా బ్రతుకంతా ఫైళ్లతో గడిపినవాడిని గనుక, ఇట్టి పనులు ఎక్కడ ఆగునో ఎరుగుదును.

నా సూచన చిన్నది. అప్పు పునర్వ్యవస్థీకరించు కమిటీ ఉత్తర్వులోనే యజమానికి, పనివారికి శిక్షణ ఏర్పాటు చేర్చవలెను. కమిటీలోని రాష్ట్ర ప్రతినిధి దానికి బాధ్యత వహించవలెను. ఒక పూట మానిన ఆ పూట కూలి పోవును గనుక, విశ్వకర్మలో వలె దినభత్యము ఇవ్వవలెను. బోధన తెలుగులోను, మరాఠీలోను, పేటలలోనే జరుగవలెను.

వ్యాపారము నేర్పుట సర్కారు పనియా అని కొందరందురు. ఒక కార్ఖానా మూతబడినచో నష్టము యజమానిది మాత్రమే కాదు. బ్యాంకి సొమ్మును, పనివారి జీవనమును కూడ పోవును. దానితో పోల్చిన శిక్షణ ఖర్చు స్వల్పము.

మన సంఘాలు కూడ కల్యాణమండపాలను వారానికి రెండు సాయంత్రాలు ఇందుకు విడువవచ్చును. వాయిదా తప్పుచున్నవారు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పత్రముతో, 90 దినములు దాటకముందే, బ్యాంకికి వ్రాతమూలకముగా దరఖాస్తు ఇచ్చి రసీదు పుచ్చుకొనవలెనని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత గుమాస్తా
షోలాపూరు